పది తరవాత పద్నాలుగు

బరంపురంలో నేను బోర్డులు రాస్తాను.
పట్టుచీరల కొట్టుకి ఒడియాలో,
దాని కింద కాస్త చిన్నగా తెలుగులో,
పళ్ళ డాక్టరుకి మాత్రం ఇంగ్లీషులో.
చోటు చాలకపోతే ఓనరే అంటాడు
"ఆ లైను తీసెయ్ జోగులూ" అని.
తీసేస్తాను.
ముప్పై ఏళ్ళలో రాసిన లైన్లు మర్చిపోయాను,
తీసేసినవే గుర్తున్నాయి.

ఈసారి పని జౌగడలో.
ఋషికుల్య ఒడ్డున, వంకాయ మడుల మధ్య
గేదెలు మేస్తున్న మట్టికట్ట, అదే కోటట.
లక్కతో కట్టారట, శత్రువు వేడికి కరిగిందట.
తాళాలు చూసే బైరాగికి
వాళ్ళ అమ్మమ్మ చెప్పింది.
కటకటాల వెనక బండ.
దాని ముందు తుప్పు పట్టిన నీలం బోర్డు.
గీకి, కొత్తగా రాయాలి. అంతే.

మొదటి పూత ఆరేలోగా బండ దగ్గర నిలబడ్డాను.
చదవడం రాదు, చేతికి తెలుస్తుంది.
క అంటే ఉత్త కూడిక గుర్తు.
ర ఒక నిలువు గీత, వాన చినుకు జారినట్టు.
థ ఒక సున్నా, నడుమ చుక్క.
తలకట్లు లేవు, వొంపులు లేవు,
ఆ చుక్క మాత్రం రెండువేల మూడొందల ఏళ్ళు
ఎవరి చేతులోంచో ఎవరి చేతిలోకో దిగుతూ
పోయిన నెల నా కుంచె కొసనించి
మన్మథా టైలర్స్ బోర్డు మీద పడింది.
ఉలి పట్టినవాడి పేరు
ఎక్కడుందా అని వెతికాను.
లేదు.

ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితంలో
దారుల పక్క బావులున్నాయి,
మనుషులకీ పశువులకీ మందు మొక్కలున్నాయి.
రాజుగారి వంటింటికి
రెండు నెమళ్ళు, ఒక జింక,
జింక కూడా ప్రతిరోజూ కాదు.
ఎనిమిది. తొమ్మిది. పది.
పది తరవాత పద్నాలుగు.

టైపు తప్పేమో అని ఫోన్ చేశాను.
కాదట. బండ మీదే లేదట.
పదమూడోది కళింగం మాట:
లక్షమంది చచ్చారని,
లక్షన్నరమందిని ఊళ్ళు దాటించానని,
మనసు కాలుతోందని రాజు చెప్పుకున్న మాట.
అది పెషావరు వైపు కొండకి తెలుసు.
కర్నూలు వైపు ఎర్రగుడి బండకీ తెలుసు.
చచ్చినవాళ్ళ ఊరికి చెప్పలేదు.
ఇక్కడ దాని బదులు
"మనుషులంతా నా బిడ్డలే" అని ఉంది.

ఓనరే అనుంటాడు, ఆ లైను తీసెయ్ అని.
ఉలివాడు తల దించుకుని
తీసేసుంటాడు.
వాడిది ఈ ఊరేనా?

కాగితం చివర ఇంకో మాట:
పుష్యమి నాడు దీన్ని చదివి వినిపించాలి,
వినేవాడు ఒక్కడే ఉన్నా సరే.
బైరాగి గోడ క్యాలెండరు తిప్పి
"ఎల్లుండే" అన్నాడు.

ఎల్లుండి చదివాను.
వినడానికి బైరాగి, కటకటాల్లో తల దూర్చిన మేక.
మొత్తం విని, బీడీ ఆర్పి
"మావోళ్ళని సంపీసినందుకేటన్నాడు?" అన్నాడు.
ఇక్కడేం అనలేదన్నాను.
"మరెక్కడన్నాడు?"
దూరంగా.
చాలాసేపు నేల గీకాడు పుల్లతో.
"మా అయ్యా అంతే.
అమ్మని కొట్టీసి
పక్కీదిలోకెల్లి ఏడిసీవోడు."

బోర్డు మీద పదోది రాశాను.
మూడు లైన్ల మేర వదిలేశాను, ఉత్త నీలం.
పద్నాలుగోది రాశాను.
బిల్లు చూడ్డానికొచ్చిన కుర్రాడు
ఈ ఖాళీ ఏమిటన్నాడు.
అక్కడ రేకు లోపల తుప్పుంది సార్,
రంగు నిలవదన్నాను.
గోటితో ఒకసారి గీకి చూసి
సంతకం పెట్టాడు.